కదలని కారుకు కడసారి నమస్కారం

ఫిల్మ్‌నగర్‌లో పెద్దవాళ్లెవరైనా కన్నుమూస్తే ఫిల్మ్ ఛాంబర్ ముందు కార్లు బారులు తీరతాయి. టీవీల్లో స్క్రోలింగులు, పాత పాటల ముక్కలు, ‘తీరని లోటు’ అనే మాట పదిసార్లు. తర్వాత ఒక సంతాప సభ. బ్యాక్ ప్రొజెక్షన్ పోయినప్పుడు మాత్రం ఇవేవీ జరగలేదు. అది ఒక్క రోజున పోయింది కాదు మరి. ఒక్కో సినిమాలోంచి ఒక్కో షాట్‌గా తప్పుకుంటూ, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయింది. బతికున్నప్పుడూ దాని పద్ధతి అదే. తను ఉన్నట్టు ఎవరికీ తెలియకపోతేనే తన పని బాగా చేసినట్టు.

నలుపు తెలుపు సినిమాల్లో హీరో స్టీరింగ్ పట్టుకుని, రోడ్డు సంగతి వదిలేసి పక్కనున్న హీరోయిన్ వంకే చూస్తూ పాట పాడుతుంటే, వెనక అద్దంలో చెట్లూ కరెంటు స్తంభాలూ పరుగులు తీసేవి గుర్తుందా? అదీ బ్యాక్ ప్రొజెక్షన్ అంటే. కారు అంగుళం కూడా కదిలేది కాదు. రోడ్డే కదిలేది.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఆ పాటలు చూసి పిల్లలు నవ్వుతారు. నవ్వడానికి కారణాలూ లేకపోలేదు. కానీ పోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు లెక్క సరిగ్గా చూడాలి. అది చేసినదాంట్లో మోసం ఎంత, నిజం ఎంత అని విడదీసి చూస్తే ఒక చిత్రం బయటపడుతుంది. కదలిక విషయంలో అది ఆడిన అబద్ధం ఒక్కటీ లేదు. దొరికిపోయిందల్లా వెలుతురు దగ్గరే. భౌతికశాస్త్రం కూడా సరిగ్గా అక్కడే, అదే వెలుతురు దగ్గరే మూడు వందల ఏళ్ల నమ్మకాన్ని వదులుకోవాల్సి వచ్చింది. ఆ కారునూ ఐన్‌స్టీన్‌నూ పక్కపక్కన కూర్చోబెట్టి వీడ్కోలు చెప్పాలనిపించింది అందుకే.

ముందు ఆ పని జరిగే తీరు చూద్దాం. యూనిట్‌లోంచి ఒక చిన్న జట్టు నిజం కారులో నిజం రోడ్డు మీదికి వెళ్లేది. కెమెరాను వెనక్కి తిప్పి బిగించి, దూరమైపోతున్న దారిని తీసుకొచ్చేది. ఆ నెగెటివ్‌ను ల్యాబ్‌లో కడిగి, ప్రింటు వేసి, స్టూడియో ఫ్లోర్‌లో ఒక చివరనున్న ప్రొజెక్టర్‌కు ఎక్కించేవారు. ఫ్లోర్ మధ్యలో, వెలుతురు తనలోంచి ఇవతలికి వచ్చేలా తయారైన పెద్ద తెర. తెరకు ఇవతల ముందు భాగం కోసేసిన కారు. దానికి ఇవతల కెమెరా. ప్రొజెక్టర్ తెర మీద రోడ్డు వేస్తుంది, కెమెరా ఆ రోడ్డునూ కారునూ కలిపి ఒకే షాట్‌లో పట్టుకుంటుంది.

‘యాక్షన్’ అనగానే ఎవరి పని వాళ్లది. చట్రం కింద దూర్చిన దుంగ చివర ఇద్దరు కూర్చుని లయ తప్పకుండా ఊపుతారు. మరీ ఊపితే గతుకుల రోడ్డు, ఊపు తగ్గితే ఆగిపోయిన కారు. ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది సాఫీగా సాగే ప్రయాణం. ఒక లైట్‌మన్ చెట్టుకొమ్మ పట్టుకుని లైటు ముందు అటూ ఇటూ నడుస్తాడు. హీరోయిన్ ముఖం మీద నీడలు జారిపోతాయి. ఇంకొకరు ఫ్యాన్ పెట్టి ముంగురులు ఎగరేస్తారు. వాన సీనైతే పైనుంచి చిల్లుల గొట్టం. పాట రెండో చరణానికి వచ్చేసరికి దుంగ దగ్గరివాళ్ల చొక్కాలు తడిసిపోయేవి. ‘కట్’ అన్నాక కారు ఎక్కడ బయల్దేరిందో అక్కడే ఉండేది. హీరో స్టీరింగును అవసరానికి మించి తిప్పేశాడంటే ఆ తప్పు నటుడిది, దీనిది కాదు.

హాలీవుడ్‌లో ఈ పద్ధతి 1930ల మొదట్లో బాగా వాడకంలోకి వచ్చింది. 1933 నాటి ‘కింగ్ కాంగ్’లో దీని చేయి ఉంది. మాటలు రావడమే దీన్ని పైకి తెచ్చింది. మూగ సినిమా రోజుల్లో కెమెరాను ఏ బండి మీదైనా కట్టేయొచ్చు. మాటలు పట్టుకోవాలంటే మైకు కావాలి, మైకుకు నిశ్శబ్దం కావాలి, నిశ్శబ్దం కావాలంటే స్టూడియోలోకి రావాలి. రోడ్డు స్టూడియోలోకి రాలేదు కాబట్టి రోడ్డు బొమ్మ వచ్చింది. తెలుగు సినిమా చెన్నపట్నంలో ఉన్న రోజుల్లో ఆ ఫ్లోర్లలోనే దీని వయసంతా గడిచింది. అప్పట్లో మనకు కెమెరా మాంత్రికులకు కొదవ లేదు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిన మార్కస్ బార్ట్లీ, ‘సీతారామ కళ్యాణం’ (1961)లో కెమెరాతో ఇంద్రజాలం చేసిన రవికాంత్ నగాయిచ్ లాంటివాళ్ల పనికి హాల్లో చప్పట్లు పడేవి. జానపదంలో, పౌరాణికంలో ట్రిక్కు కనబడాలి, కనబడి ఔరా అనిపించాలి. సాంఘిక చిత్రాల్లో కారు షాటు అలా కాదు. దానికి చప్పట్లు పడితే పని చెడిపోయినట్టే.

పరిశ్రమ మెల్లగా హైదరాబాదు దారి పట్టింది. అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ ముందుగా వెలిసింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. అప్పటికి జూబ్లీహిల్స్ చుట్టుపక్కలంతా బండలూ తుప్పలే. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోస్. ఫిల్మ్‌నగర్ ఊరైంది, కృష్ణానగర్ ఆ ఊరికి తెల్లవారుజామున మనుషుల్ని పంపే పేటైంది. అప్పటికే మన చెలికాడు బ్యాక్ ప్రొజెక్షన్ ముసలివాడు.

ఇక దాని నిజాయితీ సంగతి. కెమెరాకు తెలిసింది ఒక్కటే: కారుకూ చెట్టుకూ మధ్య దూరం మారుతోంది. ఎవరు జరుగుతున్నారు అని అడిగితే దాని దగ్గర జవాబు ఉండదు. కారు ముందుకు పోయినా, చెట్టు వెనక్కి పోయినా ఫిల్ము మీద పడేది ఒకే బొమ్మ. ఇది కెమెరా అమాయకత్వం కాదు, ప్రకృతి సూత్రం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు ఈ మాటే అన్నాడు. పడవలో ముందుకు సాగేవాడికి ఒడ్డున కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు కనబడతాయి, భూమి మీద ఉన్న మనకు నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనబడేదీ అలాగే అని. 1632లో గెలీలియో ఇంకో అడుగు ముందుకు వేశాడు. కిటికీలు మూసిన ఓడ గదిలో మనిషిని కూర్చోబెట్టాడు. ఆ గదిలో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి, చెంబులోంచి నీళ్లు చుక్కలుగా పడుతున్నాయి. ఓడ ఒకే వేగంతో, కుదుపు లేకుండా సాగుతున్నంత సేపూ ఆ మనిషి ఏ పరీక్ష చేసినా ఓడ ఆగి ఉందో సాగుతోందో కనిపెట్టలేడు అన్నాడు. ‘నేను కదులుతున్నాను’ అనే మాటకు ఒంటరిగా అర్థం లేదు. ‘దేనితో పోలిస్తే?’ అన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో ఆగిన మెట్రోలో కూర్చున్నప్పుడు ఎదుటి పట్టాల మీద రైలు కదిలితే, మనమే బయల్దేరామని ఒక్క క్షణం ఒళ్లు జలదరిస్తుంది. మెట్రో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, పెట్టెలో ఒకాయన ముందుకు గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిచాడనుకోండి. కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడి లెక్కలో ఆయన వేగం 65. కూడితే సరిపోయింది. ఈ కూడికను గెలీలియో దగ్గర్నుంచి అందరూ కళ్లు మూసుకుని నమ్మారు. బ్యాక్ ప్రొజెక్షన్ నడిచిందీ ఈ నమ్మకం మీదే.

మరి తేడా ఎక్కడొచ్చేది? కెమెరామన్లను అడిగితే ఏకరువు పెట్టేవారు. తెర నడిమధ్యలో వెలుతురు ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఆ మధ్యనున్న మెరుపు మరకను కప్పడానికి నటుణ్ని అక్కడే కూర్చోబెట్టాల్సి వచ్చేది. ముందు నుంచి వేసిన లైటు జారి తెర మీద పడిందా, వెనకనున్న రోడ్డు పాలిపోతుంది. రోడ్డును ఒకసారి తీసి, దాన్ని తెర మీద వేసి మళ్లీ తీయడం వల్ల వెనకనున్నదంతా బూడిద పూసినట్టు, గరుకుగా ఉండేది. అన్నిటికీ మించి నీడలు. రోడ్డు మీద ఎండ ఎడమ నుంచి, హీరో ముఖం మీద ఎండ కుడి నుంచి. ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా కన్ను ‘ఎక్కడో తేడా ఉంది’ అని చెప్పేసేది. కదలికను అచ్చంగా దింపినదాన్ని ప్రతిసారీ వెలుతురే పట్టిచ్చింది.

పందొమ్మిదో శతాబ్దం చివర శాస్త్రజ్ఞులకు ఎదురైన చిక్కు కూడా ఇదే. వెలుతురు విద్యుదయస్కాంత తరంగమని 1860లలో మాక్స్‌వెల్ తేల్చాడు. అతని సమీకరణాల్లోంచి కాంతి వేగం దానంతటదే ఊడిపడింది: సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. అయితే దేనితో పోలిస్తే ఆ వేగం? సమీకరణాలు ఆ మాట చెప్పలేదు. అందుకని పెద్దలు ఒక ఊహ చేశారు. విశ్వమంతా ‘ఈథర్’ అనే కంటికి కనబడని పదార్థం నిండి ఉంది, అది కదలదు, కాంతి దానిలో అలలా పాకుతుంది అని.

సినిమావాళ్లకు ఈథర్‌ను ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అది ఫ్లోర్. కారు షాట్‌లో కెమెరా ఎంత మోసపోయినా దుంగ ఊపేవాడు మోసపోడు. తన కాళ్ల కింద సిమెంటు నేల ఉంది, దాన్నిబట్టి కారు ఆగి ఉందని అతనికి తెలుసు. విశ్వానికీ అలాంటి ఫ్లోర్ ఒకటి ఉండాలని, దాని మీద నిలబడి చూస్తే ఏది నిజంగా కదులుతోందో ఏది ఊరికే ఉందో తేలిపోతుందని పెద్దల ఆశ. 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ ఆ ఫ్లోర్ కోసం వెతికారు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఈథర్ ఉంటే ఆ దిశలో వెళ్లొచ్చే కాంతికీ, దానికి అడ్డంగా వెళ్లొచ్చే కాంతికీ పట్టే సమయంలో తేడా రావాలి. ఒకే కాంతి పుంజాన్ని సగం పూత పూసిన అద్దంతో రెండుగా చీల్చి, లంబంగా రెండు దారుల్లో పంపి, తిరిగి కలిపి చూశారు. ఉంటుందనుకున్న తేడా రాలేదు. ఎన్నిసార్లు చూసినా రాలేదు. ఫ్లోర్ దొరకలేదు.

దొరక్కపోవడాన్ని లోపంగా కాక సమాధానంగా తీసుకున్నవాడు ఐన్‌స్టీన్. పదహారేళ్ల వయసులోనే అతన్ని ఒక ఊహ పట్టుకుంది. కాంతి వెంట కాంతి వేగంతోనే పరుగెడితే ఏం కనబడుతుంది? షూటింగ్ భాషలో చెప్పుకుందాం. పరుగెత్తే గుర్రం పక్కనే ట్రాలీ మీద కెమెరాను అదే వేగంతో లాగితే, ఫ్రేములో గుర్రం ఉన్నచోటే ఉంటుంది, వెనకనున్న తోట పరుగెడుతుంది. అలాగే కాంతి పక్కన ట్రాలీ లాగితే కాంతి అల ఫ్రేములో నిలబడిపోవాలి. కానీ నిలబడ్డ కాంతికి మాక్స్‌వెల్ సమీకరణాల్లో చోటు లేదు. అంటే ఆ ట్రాలీ షాట్ తీయడం ఎవరి తరమూ కాదు. బెర్న్ నగరంలో పేటెంట్ ఆఫీసు ఉద్యోగిగా 1905లో అతను రెండు మాటలు ప్రతిపాదించాడు. ఒకటి పాతదే: కుదుపూ మలుపూ లేకుండా నిలకడ వేగంతో సాగే వాళ్లందరికీ ప్రకృతి నియమాలు ఒక్కటే. రెండోది కొత్తది: శూన్యంలో కాంతి వేగం, దాన్ని పంపిన దీపం కదిలినా ఆగినా, అందరికీ ఒక్కటే. ఈథర్ అనేది ఉండాల్సిన అవసరమే లేదని అదే వ్యాసంలో పక్కకు పెట్టేశాడు.

రెండో మాట మింగుడుపడటం కష్టం. మెట్రోలో నడిచేవాడికి కుదిరిన కూడిక కారు హెడ్‌లైటుకు కుదరదు. కారు ఎంత జోరుగా వచ్చినా హెడ్‌లైటు వెలుతురు ఒక్క పిసరు వేగం ఎక్కువ తెచ్చుకోదు. దీనికి ఆకాశమే సాక్ష్యం ఇచ్చింది. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల్లో ఒకటి మన వైపు వస్తుంటే ఇంకొకటి దూరంగా పోతుంటుంది. నక్షత్రం వేగం దాని కాంతికి తోడైతే, వేగంగా వచ్చే కాంతి నెమ్మదిగా వచ్చేదాన్ని దారిలో దాటేసి, ఆ జంట తిరుగుడు మనకు అస్తవ్యస్తంగా కనబడాలి. అలా కనబడటం లేదని 1913లో డచ్ ఖగోళ శాస్త్రవేత్త డి సిట్టర్ ఎత్తిచూపాడు. అలాంటి జంట నక్షత్రాల్లో ఒకదాన్నొకటి మరుగుపరిచే రకాన్ని మన ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు రంగారెడ్డి జిల్లా జాపాల–రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపుతో ఏళ్ల తరబడి చూశారు. ఆ జంటల వెలుగు పెరిగి తరిగే తీరు గడియారం కొట్టినట్టు క్రమం తప్పకుండా ఉంటుంది. ఎదురొచ్చే నక్షత్రం తన కాంతిని ముందుకు నెట్టలేదు.

ఇక్కడ మళ్లీ మన ఫ్లోర్‌కు రావాలి. ఎందుకంటే బ్యాక్ ప్రొజెక్షన్ ప్రాణమంతా ఒక తీగలో ఉండేది. ప్రొజెక్టర్‌నూ కెమెరానూ కలిపే ఆ లంకెను ఇంటర్‌లాక్ అనేవారు. ప్రొజెక్టర్ సెకనుకు 24 బొమ్మలు వేస్తుంది, బొమ్మకూ బొమ్మకూ మధ్య షట్టర్ మూసుకుని తెర చీకటి అవుతుంది. కెమెరా కూడా సెకనుకు 24 సార్లే కన్ను తెరుస్తుంది. రెండు షట్టర్లూ ఒకేసారి తెరుచుకోవాలి. కాస్త అటూ ఇటూ అయితే తెర చీకటిగా ఉన్న క్షణంలో కెమెరా చూస్తుంది, వెనకనున్న రోడ్డు ఆరిపోతూ వెలుగుతూ ఉంటుంది. అందుకే రెండు మోటార్లనూ ఒకే అడుగులో నడిపించేవారు. పాత టెక్నీషియన్ల పట్టుదలంతా ఆ ‘ఒకేసారి’ అనే మాట కోసమే.

ఆ ఒకేసారిలో కాంతి ప్రయాణానికి వాళ్లు లెక్క కట్టలేదు, కట్టాల్సిన అవసరమూ రాలేదు. ప్రొజెక్టర్ నుంచి తెరకూ, తెర నుంచి కెమెరాకూ కలిపి 30 మీటర్లనుకున్నా కాంతికి పట్టేది సెకనులో కోటోవంతు. సెకనులో 24వ వంతులో, అంటే ఒక్క ఫ్రేము కాలంలో, కాంతి దాదాపు 12,500 కిలోమీటర్లు పోతుంది. భూమిని ఇవతల నుంచి అవతలికి పొడిచినంత దూరం. ఇంత జోరుగా పోయేదాని ముందు మన షట్టర్లకు ‘ఒకేసారి’ అనేది అందరికీ ఒక్కటే అనిపించడంలో వింత లేదు.

ఐన్‌స్టీన్ బద్దలుకొట్టింది సరిగ్గా ఆ మాటనే. రోడ్ నంబర్ 36 మీద ఒక పొడుగాటి లారీ ఒకే వేగంతో సాగుతోందని అనుకుందాం. లారీ మీద ముందు ఒక కెమెరా, వెనక ఒక కెమెరా, సరిగ్గా మధ్యలో ఒక ఫ్లాష్ బల్బు. ఫ్లాష్ కాంతి తగలగానే కెమెరా షట్టర్ తెరుచుకుంటుంది. లారీ మీదున్న అసిస్టెంట్ డైరెక్టర్ చూపులో బల్బు నుంచి రెండు కెమెరాలకూ దూరం సమానం, కాంతి వేగం సమానం, కాబట్టి రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. పేవ్‌మెంట్ మీద టీ తాగుతున్న ప్రొడక్షన్ మేనేజర్‌కు మాత్రం వేరుగా కనబడుతుంది. వెనక కెమెరా కాంతికి ఎదురొస్తోంది, ముందు కెమెరా కాంతికి అందకుండా తప్పుకుంటోంది. కాంతి వేగం ఆయనకూ అంతే, లారీ వేగం దానికి కలవదు. కాబట్టి ఆయన లెక్కలో వెనక షట్టర్ ముందు తెరుచుకుంది. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదు. ఎవరు నిజంగా ఆగి ఉన్నారో తీర్పు చెప్పే ఫ్లోర్ లేదు కాబట్టి ఇద్దరి మాటా చెల్లుతుంది. 10 మీటర్ల లారీ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ తేడా ఎంత? సెకనును వంద కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పది లక్షల ముక్కలు చేస్తే వచ్చేంత. ఏ షట్టరూ పట్టలేదు. పట్టలేనంత చిన్నది కావడం వల్లే అది ఇన్నేళ్లు దాక్కుంది.

‘ఒకేసారి’ పోయాక దాని వెనకే చాలా పోయాయి. కదిలే గడియారం నెమ్మదిస్తుంది, కదిలే వస్తువు కదిలే దిశలో పొట్టిదవుతుంది, వేగాలు మామూలుగా కూడవు. కాంతి వేగంలో ముప్పావు వంతు వేగంతో పోయే నౌకలోంచి, ముందుకు మళ్లీ ముప్పావు వంతు వేగంతో ఇంకో నౌకను వదిలితే మొత్తం ఒకటిన్నర కాదు, 0.96 మాత్రమే. ఎన్ని కూడినా ఒకటికి అందదు.

ఫిల్మ్‌నగర్‌లో ఈ ముచ్చట వస్తే ‘ఆదిత్య 369’ తలవకుండా ఉండలేం. 1991లో సింగీతం శ్రీనివాసరావు కాలయంత్రంలో బాలకృష్ణను 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, 2504కూ పంపారు. సాపేక్ష సిద్ధాంతం ఆ రెండు ప్రయాణాల్లో ఒకదానికి టికెట్ ఇస్తుంది. 1991 నుంచి 2504కు 513 ఏళ్లు. కాంతి వేగంలో 99.99 శాతం వేగంతో అంతరిక్షంలోకి వెళ్లి తిరిగొస్తే నౌకలోని గడియారం సుమారు 71 రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. ప్రయాణికుడికి ఏడేళ్ల చిల్లర గడిచేసరికి హైదరాబాదులో 2504 వచ్చేస్తుంది. రాయలవారి కొలువుకు మాత్రం ఈ దారిలో బండి లేదు. ఎంత వేగంగా పోయినా గడియారం నెమ్మదిస్తుంది గానీ వెనక్కి తిరగదు.

ఇదంతా ఏ నక్షత్రాల సంగతో అనుకోనక్కర్లేదు. రాత్రి షూటింగ్ ప్యాకప్ అయ్యాక కృష్ణానగర్ వెళ్లడానికి ఫోన్‌లో క్యాబ్ పిలిస్తే, ఆ చిరునామా కనిపెట్టేది జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు. వేగం వల్ల అవి రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. పైన గురుత్వం తక్కువ కావడం వల్ల 45 ముందుకు పోతాయి. నికరంగా 38. దాన్ని సరిదిద్దకపోతే తప్పు రోజుకు 11 కిలోమీటర్ల చొప్పున పేరుకుంటుంది. ఫిల్మ్‌నగర్‌లో నిలబడ్డవాడి కోసం డ్రైవరు ఏ ఉప్పల్‌లోనో వెతుక్కోవాలి.

ఇంతటి సూత్రంలో మొదటి సగాన్ని రోజూ ఫ్లోర్ మీద ఆడించి చూపిన బ్యాక్ ప్రొజెక్షన్‌ను ఏది చంపింది? ఒక్కటని చెప్పలేం. చేత్తో మోసే తేలిక కెమెరాలొచ్చాయి. తక్కువ వెలుతురులోనూ బొమ్మ పట్టే ఫిల్ము వచ్చింది. కెమెరాను బానెట్‌కు బిగించడం, కారునే లారీ మీదికి ఎక్కించి రోడ్డు మీద లాక్కెళ్లడం మామూలైంది. రోడ్డు స్టూడియోకు రావాల్సిన పని తప్పింది. తర్వాత నీలి తెర, ఆకుపచ్చ తెర వచ్చాయి. వెనక ఏముందో తర్వాత కంప్యూటర్ దగ్గర తేల్చుకోవచ్చు. అప్పటికీ దీనికో పెద్దరికం మిగిలే ఉంది: నటుడు అద్దంలోకి చూస్తే నిజంగానే రోడ్డు కనబడేది. ఆకుపచ్చ గుడ్డ వంక చూసి ‘ఎదురుగా లారీ వస్తోంది’ అని భయపడాల్సిన గతి దాని కాలంలో ఎవరికీ పట్టలేదు.

ఆ పెద్దరికాన్ని గుర్తుపట్టే కాబోలు, కాలం దానికి వారసుణ్ని ఇచ్చింది. అన్నపూర్ణ స్టూడియోస్‌లో క్యూబ్ సంస్థతో కలిసి పెట్టిన ఏఎన్నార్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్‌లో తెర బదులు ఎల్ఈడీ గోడ ఉంది. కారు ఆగే ఉంటుంది, గోడ మీద లోకం కదులుతుంది. తేడా ఏమిటంటే కెమెరా ఎక్కడుందో గోడకు తెలుసు. కెమెరా పక్కకు జరిగితే దగ్గరి చెట్టు ఎక్కువ, దూరపు కొండ తక్కువ జరుగుతాయి. పాత తెరకు అది చేతనయ్యేది కాదు. గోడ వెలుతురే నటుడి ముఖం మీద, కారు అద్దాల మీద పడుతుంది కాబట్టి ఎడమ ఎండ, కుడి ఎండ గొడవ చాలా మటుకు తీరింది. తాత ఎక్కడ ఓడిపోయాడో మనవడు అక్కడే బాగు చేసుకున్నాడు. కానీ గోడనూ కెమెరానూ ఒకే తాళంలో నడపకపోతే నేటికీ బొమ్మ మీద చారలు పడతాయి. ఇంటర్‌లాక్ పేరు మార్చుకుని జెన్‌లాక్ అయింది, అంతే.

ట్రిక్ ఫొటోగ్రఫీ చేసినవారి పేరు టైటిల్స్‌లో పడేది. దుంగ ఊపినవాళ్ల పేరు, కొమ్మ పట్టుకుని నడిచినవాళ్ల పేరు పడేది కాదు. వాళ్లకు విగ్రహాలు కట్టమని ఎవరూ అడగరు. అడగదగిన కోరిక ఒకటుంది. ఈ కొండల మీద ఇన్ని స్టూడియోలున్నాయి, అన్నపూర్ణ ఆవరణలోనే సినిమా పాఠాలు చెప్పే కాలేజీ ఉంది. ఏదో ఒక చోట ఒక పాత ప్రొజెక్టర్, ఒక తెర, ముందు భాగం కోసిన ఒక అంబాసిడర్, కింద ఒక దుంగ పెట్టి నడిచే స్థితిలో ఉంచండి. సినిమా విద్యార్థులను ఆ కారులో కూర్చోబెట్టి నీడలు ఎక్కడ తప్పుతున్నాయో పట్టుకోమనండి. ఇంటర్, డిగ్రీ ఫిజిక్స్ పిల్లల్నీ రానివ్వండి. తెర మీది రోడ్డును చూపించి కారు కదులుతోందా అని అడగండి. దేనితో పోలిస్తే అని తిరిగి అడిగిన పిల్లకు గెలీలియో అర్థమైనట్టే. తర్వాత హెడ్‌లైటు వేసి, ఈ వెలుతురు వేగం రోడ్డు వైపు నుంచి ఎంత, కారు వైపు నుంచి ఎంత అని అడగండి. రెండూ ఒకటేనని చెప్పి ఊరుకుంటే సగం మార్కులే వేయండి. అలా ఒకటి కావాలంటే తన గడియారం గురించి తాను ఏం వదులుకోవాలో చెప్పినప్పుడే మిగతా సగం.